పిల్లల న్యాయ సలహా కేంద్రానికి మన వంతు

సభ్యులందరికీ నమస్కారం.

పిల్లలకు ఉచితంగా న్యాయ సలహా ఇస్తున్న మన ఊరి స్వచ్ఛంద సంస్థకు ఈసారి కూడా అండగా నిలవాలని అడుగుతున్నాను. మొన్న మంగళవారం నేను అక్కడే ఉన్నాను. పదేళ్ల పాపను వెంటబెట్టుకుని ఒక తల్లి వచ్చింది. ప్లాస్టిక్ కవరులో జనన ధ్రువీకరణ పత్రం, వానకు తడిసి మడతలు అంటుకుపోయింది. దాన్ని చిరగకుండా విప్పడానికే న్యాయవాదికి చాలాసేపు పట్టింది. పాప కళ్లు ఆ కాగితం మీదే ఉన్నాయి.

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం, కుటుంబ ఆదాయం ఎంతైనా పిల్లలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతే తెలియదు. దరఖాస్తు రాసిపెట్టి, ఆ సహాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దాకా తోడు వెళ్లేది మన కేంద్రం వాళ్లే.

ఒకేసారి పెద్ద మొత్తం కన్నా నెలనెలా రెండు వందలు పంపడం మేలు. బస్సు చార్జీలు, జిరాక్సులు, మధ్యాహ్న భోజనం ఆగని ఖర్చులు. డబ్బు నేరుగా స్వచ్ఛంద సంస్థ ఖాతాకే పంపి రసీదు తీసుకోండి. మనలోని న్యాయవాదులు నెలకు ఒక్క శనివారం ఇవ్వగలరా? ఒడియా వచ్చినవారు మరీ అవసరం. ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా కుటుంబాల పిల్లలు తమ బాధ చెప్పుకోలేకపోతున్నారు.

దయచేసి ఏ బిడ్డ పేరూ, ఫోటో, బడి వివరాలూ గ్రూపులో పెట్టవద్దు. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం ప్రకారం బాధిత పిల్లల గుర్తింపు బయటపెట్టడం నేరం. ఆపదలో ఉన్న బిడ్డ కనిపిస్తే వెంటనే పిల్లల సహాయ నంబరు 1098కు ఫోను చేయండి.

శనివారం రాగలిగినవారు కింద పేరు రాయండి.