మెక్‌లెండన్ పరుగు

చి. సుధకు నాన్న ఆశీస్సులు.

కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకి ఫాస్ట్ బ్రేక్, అంటే బంతి దొరకగానే అవతలి జట్టు సర్దుకునేలోపే పరుగున వెళ్లి బాస్కెట్ వేసే ఆట, నేర్పాలనుకుంటున్నానని రాశావు. అయితే ముందు అమెరికన్ కోచ్ జాన్ మెక్‌లెండన్ గురించి తెలుసుకోవాలి. పరుగు ఆటని కాలేజీల్లో ఒక పద్ధతిగా నిలబెట్టినవాళ్లలో ఆయనది ముందు వరస.

1915లో కాన్సాస్ రాష్ట్రంలోని హయవాతాలో పుట్టాడు. కాన్సాస్ యూనివర్సిటీలో చేరేనాటికి, బాస్కెట్‌బాల్ కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ అక్కడే పాఠాలు చెబుతున్నాడు. నల్లజాతివాడని మెక్‌లెండన్‌ని యూనివర్సిటీ జట్టులోకి రానివ్వలేదు. ఒక్క మ్యాచ్ ఆడనివ్వని చోటే, ఆట పుట్టించిన మనిషి దగ్గర ఆట చదువుకుని 1936లో డిగ్రీ తీసుకున్నాడు. తర్వాత డర్హమ్‌లో నల్లజాతి విద్యార్థుల కోసం నడిచే నార్త్ కరొలినా కాలేజీకి వెళ్లి, 1940లో హెడ్ కోచ్ అయ్యాడు.

కాలమూ కలిసొచ్చింది. అంతకుముందు ప్రతి బాస్కెట్ తర్వాతా బంతిని మధ్యకి తెచ్చి జంప్ బాల్ వేసేవారు, అంటే ఇద్దరి మధ్య పైకి విసిరి ఎగిరి అందుకోమనేవారు. 1937-38 సీజన్ నుంచి అది పోయింది. పాయింటు ఇచ్చిన జట్టు వెంటనే బంతి అందుకుని బయల్దేరవచ్చు. ఆ సందుని ఆయన పూర్తిగా వాడుకున్నాడు.

ఇక నీ పని. ఫాస్ట్ బ్రేక్ రీబౌండ్‌తో, అంటే పడని షాట్ తిరిగొచ్చినప్పుడు బంతిని పట్టడంతో, మొదలవుతుంది, పరుగుతో కాదు. రీబౌండ్ పట్టిన అమ్మాయి బంతిని గడ్డం కిందే ఉంచుకుని, దగ్గరి సైడ్‌లైన్ వైపు తిరగాలి. నడుం దాకా దించిందా, అవతలి జట్టు గార్డు చెయ్యి పడుతుంది. ఔట్‌లెట్ (రీబౌండ్ తర్వాతి మొదటి పాసు) అందుకునే అమ్మాయి ఫ్రీత్రో గీతకి సూటిగా, వీపు సైడ్‌లైన్ వైపు పెట్టి నిలబడాలి. అప్పుడే కోర్టంతా కనిపిస్తుంది. అక్కడినుంచి బంతి మధ్యలోకి. రెండు వింగులూ (రెండు పక్కల పరుగెత్తే అమ్మాయిలు) సైడ్‌లైన్‌కి ఒక మీటరు లోపల పరుగెత్తి, అవతలి ఫ్రీత్రో గీత దాటే దగ్గర రింగ్ వైపు కోసుకు రావాలి. మధ్యలో బంతి తెచ్చేది ఫ్రీత్రో గీత దగ్గరే ఆగాలి. ఇంకాస్త లోపలికి వెళ్తే ఒకే డిఫెండర్ ముగ్గురినీ కాస్తుంది. నాలుగో అమ్మాయి వెనకాల వస్తుంది, అయిదోది కాపలాకి ఉంటుంది.

ఎక్కువగా చెడేది వింగుల దగ్గరే. బంతి మీది ఆశతో మధ్యకి జరుగుతారు, దాంతో దారి మూసుకుపోతుంది. సైడ్‌లైన్‌కి కాస్త లోపల కోన్లు పెట్టి, వాటికీ సైడ్‌లైన్‌కీ మధ్యనుంచే పరుగెత్తించు. కొన్నాళ్లు డ్రిబుల్ మాన్పించి, పాసులతోనే కోర్టు పొడవు 28 మీటర్లూ దాటించు. ప్రాక్టీస్ చివర, కాళ్లు లాగేస్తున్నప్పుడు, లేఅప్‌లు (రింగ్ దగ్గరికి పరుగున వచ్చి వేసే షాట్లు) వేయించు. పూర్తి వేగంలో బంతి బోర్డుకి గట్టిగా తగిలి బయటికి పోతుంది. చివరి అడుగు ముందుకి కాకుండా పైకి వెయ్యమను.

మెక్‌లెండన్ జట్టు సత్తా 1944 మార్చి 12న, ఒక ఆదివారం ఉదయం, తేలింది. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ఆడటం అక్కడ కుదరని రోజులవి. అదే ఊళ్లోని డ్యూక్ మెడికల్ స్కూల్ తెల్లవాళ్ల జట్టుని రహస్యంగా పిలిపించి, జిమ్ తలుపులు వేసి ఆడించాడు. భయంతో మొదట్లో పాసులు తప్పాయి, షాట్లు పడలేదు. పరుగు అందుకున్నాక ఆపేవాళ్లు లేరు: 88-44. ఆ వెంటనే రెండు జట్లనీ కలిపేసుకుని ఇంకో ఆట ఆడారు. నాకైతే ఆ స్కోరుకంటే ఈ రెండో ఆటే గొప్పగా అనిపిస్తుంది.

తర్వాత నాష్‌విల్‌లో టెనెస్సీ ఏ అండ్ ఐ జట్టుకి 1957, 58, 59 వరసగా మూడు ఎన్ఏఐఏ (కాలేజీల జాతీయ పోటీ) టైటిళ్లు తెచ్చాడు. ఆటలో గొప్పవాళ్లని గౌరవించే బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1979లో ఆయన్ని ఆటకి సేవ చేసినవాడిగా తీసుకుంది. కోచ్‌గా గుర్తించింది మాత్రం 2016లో, ఆయన పోయిన పదిహేడేళ్లకి. అది అన్యాయమే.

నీ మొదటి ప్రాక్టీస్ మ్యాచ్‌లో రీబౌండ్ నుంచి షాట్ దాకా ప్రతిసారీ ఎన్ని సెకన్లు పడుతోందో ఒకరి చేత రాయించు. షాట్ పడిందా లేదా అన్నది ఇప్పుడు అక్కర్లేదు. ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపు.

మీ నాన్న