బొమ్మ మీద నల్లపట్టీ ఎందుకు?

సంపాదకుడు గారికి,

మొన్నటి ఆదివారం అనుబంధంలో రెండో ప్రపంచ యుద్ధపు బాంబర్ల ముక్కుల మీద వేసిన అమ్మాయిల బొమ్మల గురించి అరపేజీ వేశారు. తీరా చూస్తే అసలు బొమ్మ మీదే నల్లపట్టీ! 'మెంఫిస్ బెల్' అనే ఆ విమానం మీద ఉన్నది ఈతదుస్తుల్లో కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతున్న అమ్మాయి. విమానానికి ఎడమవైపు నీలం దుస్తులు, కుడివైపు ఎరుపు. అంతకుమించి ఏమీ లేదు. అదే రోజు సినిమా పేజీలో వేసిన ఫొటోలకు ఏ పట్టీ అవసరం రాలేదే? పైగా ఫొటో కింద విమానం రకం బీ-29 అని రాశారు. అది బీ-17. ఇన్నాళ్లు చూశాను, సవరణ వేయలేదు. ఒకప్పుడు ఇదే పత్రికలో అచ్చుతప్పు దొర్లితే మర్నాడే వేసేవారు.

ఆ బొమ్మకు మూలం చిత్రకారుడు జార్జ్ పెటీ 'ఎస్క్వైర్' పత్రికకు గీసినది. దాన్ని విమానం మీదికి ఎక్కించింది టోనీ స్టార్సర్ అనే సైనికుడు. ఇంగ్లండ్‌లోని బాసింగ్‌బోర్న్ స్థావరంలో తన దళం విమానాల మీద ఆయన వేసినవి వందకు పైనే. మీ వ్యాసంలో ఆయన పేరే లేదు. 'కుర్రకారు సరదా' అని తేల్చేశారు. ఇంగ్లండ్ నుంచి ఎగిరిన అమెరికా ఎనిమిదో వైమానిక దళంలో 26 వేల మంది చనిపోయారు. 1943లో 25 దాడులు పూర్తిచేస్తే ఇంటికి పంపేవారు, కానీ అన్నిసార్లు ప్రాణాలతో తిరిగి రావడమే కష్టం. వెళ్లొచ్చిన ప్రతిసారీ విమానం ముక్కు మీద చిన్న బాంబు గుర్తు ఒకటి వేసుకునేవారు. మీ పట్టీ కింద ఆ గుర్తులు కూడా పోయాయి.

ఆ బొమ్మలు ఆడవాళ్లను ఆటవస్తువుల్లా చూపించాయన్న మాట నేను కాదనను. నేనూ ఆడదాన్నే. కానీ ఆ మాట అనాలన్నా ముందు బొమ్మ కనిపించాలి కదా!

యుద్ధం అయ్యాక వేల విమానాలను తుక్కు కింద కరిగించేశారు. అమెరికాలో అర్కాన్సాస్ రాష్ట్రంలోని వాల్‌నట్ రిడ్జ్‌లో మినట్ ప్రాట్ అనే ఆయన బొమ్మలున్న రేకులను కోయించి దాచబట్టి ముప్పైకి పైగా మిగిలాయి. మెంఫిస్ బెల్ ఏళ్ల తరబడి ఎండకీ వానకీ బయటే పడి ఉంది, జనం భాగాలు ఊడబీక్కుపోయారు. 2018లో గానీ అమెరికాలోని డేటన్ వైమానిక దళ మ్యూజియంలో దాని పాత రూపం చూపించలేకపోయారు.

అధికారుల తీరు ఎక్కడైనా ఇంతే. 2025లో అమెరికా రక్షణ శాఖ తొలగించాలని గుర్తుపెట్టిన ఫొటోల్లో హిరోషిమా మీద అణుబాంబు వేసిన 'ఎనోలా గే' విమానం కూడా ఉంది, పేరులో 'గే' అన్న మాట ఉన్నందుకేనట. ఆ పేరు దాని పైలట్ టిబెట్స్ వాళ్ల అమ్మది! ఇక మన సంగతి. బ్రిటిష్‌వాళ్లు కాన్పూర్‌లో వదిలేసిన లిబరేటర్ బాంబర్లను మనవాళ్లు బాగుచేసి 1968 దాకా నడిపారు. అందులో ఒకటి అమెరికా చేరి, బొమ్మలు వేయించుకుని మళ్లీ ఎగిరింది. ఇది మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? 1942 ఏప్రిల్ 6న మా కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డ సంగతే ఎవరికీ పట్టదు. ఆ రోజున మీ పత్రిక ఒక్క ముక్కైనా వేయదు.

వచ్చే ఆదివారం ఆ ఫొటోను పట్టీ లేకుండా, విమానం రకం సరిచేసి, స్టార్సర్ పేరుతో మళ్లీ వేయండి.

– ఒక పాఠకురాలు, కాకినాడ