ఒక్క 'స్త్రీ' అక్షరం కోసం

కాకినాడ
ఆదివారం తెల్లవారుజాము

ఒరేయ్ శీనూ,

నువ్వు మెయిల్ పెట్టి రెండు నెలలు దాటింది. తప్పు నాదేరా, క్షమించు. ఇక్కడ అందరం కులాసా. మామయ్యగారి కంటి ఆపరేషన్ బాగా అయింది, చిన్నది రెండో తరగతికొచ్చింది, వంటింటి కప్పు కారడం ఆగింది. గురువారం పెసరట్టు ఒప్పందం ఇంకా అమల్లోనే ఉంది, నీ వాటా బాకీ పెరుగుతోంది. మిగతావి ఫోన్లో. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిద్రపట్టని సంగతి ఒకటుంది, అది రాస్తున్నాను.

పులి-మేకని బ్రౌజర్లో ఆడుకునేలా చేస్తాను, ఏ ఇంజిన్ (ఆటలు కట్టడానికి వాడే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్) తీసుకోమంటావని అడిగావు కదా. వెంటనే రాసుంటే నేను వాడుతున్నదాని పేరే చెప్పేసేవాణ్ణి. ఆలస్యమవడమే మంచిదైంది.

నా పదాల ఆట తెలుసు కదా, గడుల్లో అక్షరాలు నింపి దాచిన పదం కనిపెట్టేది. రెండు నెలలు రాత్రిళ్లు కూర్చుని ఒక పెద్ద ఇంజిన్‌లో చేశాను. దాని పేరెందుకులే. గడి తిరగబడటం, వెలగడం, గెలిస్తే పిచ్చుకలు ఎగరడం, అన్నీ ముద్దొచ్చేలా ఉన్నాయి. ముందు అమ్మకే చూపించాలని లింకు తన ఫోన్లో తెరిచాను. ఇంజిన్ అంతా దిగేసరికి అమ్మ కాఫీ తాగడం అయిపోయింది. సరే, ఆట వచ్చింది. అమ్మ ఆడింది. మూడో పదం 'స్త్రీధనం'.

మొదటి గడిలో ఏముందో తెలుసా? స, దాని మీద పొల్లు. పక్కన త, దాని మీదా పొల్లు. ఆ పక్కన రీ. అమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ చూసింది. "నాన్నా, ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల చేత వత్తులు దిద్దించాను. ఇది చూసిన పిల్లలు ఇదే సరైనదనుకుంటే ఎవరు దిద్దుతారు?" అంది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. నాలుగు రోజులు ఆ ఫైల్ తెరవలేకపోయాను.

తర్వాత కూర్చుని తవ్వాను. మన కంటికి 'స్త్రీ' ఒక్క అక్షరం. కంప్యూటర్ దాచుకునేది మాత్రం 6 ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం గుర్తు. ఆ ఆరింటినీ ఫాంటులోని నియమాల ప్రకారం ఒకే రూపంగా అల్లాలి. బ్రౌజర్ ఈ పని ఎప్పట్నుంచో చేస్తోంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లోపల హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఉంది, అల్లేది అదే. కానీ చాలా ఇంజిన్లు బ్రౌజర్ని పక్కనపెట్టి రాతని తామే గీసుకుంటాయి, ఒక ముక్కకి ఒక బొమ్మ చొప్పున. ఇంగ్లీషుకి అది చాలు. మన వత్తులు దగ్గరికొచ్చేసరికి అంతా చెల్లాచెదురు.

గోడో అనే ఇంజిన్ సంగతి అడుగుతావని తెలుసు. ఉచితం, కోడంతా తెరిచి ఉంటుంది, నాకూ ఇష్టమే. 3వ తరంలో మన రాత కుదిరేది కాదు. 2023 మార్చిలో వచ్చిన 4.0 నుంచి కుదురుతోంది, అందులోనూ హార్ఫ్‌బజ్ పెట్టారు. అయితే మొదట్లో ఆ 4వ తరంలో చేసిన వెబ్ ఆటలు నడవాలంటే సర్వర్ పేజీతోపాటు హెడర్లనే ప్రత్యేకమైన సూచనలు పంపాల్సి వచ్చేది. 2024 ఆగస్టులో వచ్చిన 4.3లో ఆ బాధ లేకుండా ఎగుమతి చేసుకునే వీలొచ్చింది. అన్నీ బాగానే ఉన్నాయి కానీ ఇరవై గడుల ఆట కోసం ఇంజిన్ మొత్తం అమ్మ ఫోన్లోకి దిగాలి. అమ్మ డేటా ప్యాక్ మనం వేయించేదే అనుకో, అయినా...

ఫేజర్ అనే ఇంకో ఇంజిన్ కూడా చూశాను. 2013 నుంచి ఉంది, పూర్తిగా బ్రౌజర్ ఆటల కోసమే పుట్టింది. అందులో మామూలు టెక్స్ట్‌ని బ్రౌజరే కాన్వాస్ మీద గీస్తుంది, కాబట్టి 'స్త్రీ' చక్కగా వచ్చింది. ముందే గీసిపెట్టిన అక్షరాల బొమ్మల్ని పేర్చే బిట్‌మ్యాప్ టెక్స్ట్ జోలికి మాత్రం వెళ్లకు, మళ్లీ అదే కథ. గెంతులు, గుద్దుకోవడాలు, తూటాలు ఉండే ఆటైతే కళ్లు మూసుకుని ఫేజరే తీసుకునేవాణ్ణి. నా ఆటలో గెంతేది ఏముంది? గడులు, అక్షరాలు. ఇంగ్లీషు పదం కనిపెట్టే వర్డిల్ అంత పెద్ద ఆట, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కున్నది, అదొక మామూలు వెబ్ పేజీనే. పదాల పట్టీ కూడా ఆ పేజీలోనే ఉండేది!

అదిగో, అక్కడ తేల్చుకున్నాను. ఇంజిన్ లేదు. వెబ్ పేజీలు కట్టే హెచ్‌టీఎమ్మెల్, సీఎస్ఎస్, కాస్త జావాస్క్రిప్ట్, అంతే. గడి తిరగబడటానికి సీఎస్ఎస్‌లో రెండు లైన్లు చాలాయి. రెండు నెలల పని పదకొండు రాత్రుల్లో మళ్లీ నిలబడింది. పిచ్చుకలు కూడా తిరిగొచ్చాయి, రామభద్ర ఫాంటులో పేరు పెట్టాను. నీ మృదంగం బిట్టు కూడా ఉంది. మొదటిసారి తెర తాకేదాకా బ్రౌజర్ శబ్దం రానివ్వదు కాబట్టి 'మొదలుపెట్టు' అని ఒక బొత్తం పెట్టి దాని మీద మోగించాను.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. పదాన్ని అక్షరాలుగా విడగొట్టాలి కదా, ఒక్కో గడికి ఒక్కోటి. బ్రౌజర్లోనే సెగ్మెంటర్ అని ఒకటుంది, దానికి అప్పగించాను. నా ల్యాప్‌టాప్‌లో 'స్త్రీ'కి ఒక గడి వస్తే అమ్మ పాత ఫోన్లో మూడు! వత్తులతో కలిపి ఒకే అక్షరంగా లెక్కపెట్టాలన్న నియమం యూనికోడ్‌లోకి, అంటే అన్ని భాషల అక్షరాలనీ కంప్యూటర్లు దాచుకునే ప్రమాణంలోకి, 2023లో 15.1వ వెర్షన్‌తో వచ్చింది. పాత బ్రౌజర్లకి అది తెలీదు. అందుకని నేనే రాసుకున్నాను: ఒక హల్లు, ఆ వెనకాల పొల్లూ హల్లూ జంటలు ఎన్నుంటే అన్ని, తర్వాత గుణింతం గుర్తు, ఆపై సున్నా. మరి పదం చివర పొల్లు వస్తేనో? ఇది అమ్మ తేల్చింది. "ఛందస్సులో పొల్లు ముందు అక్షరంతోనే కలుస్తుంది, దానికి విడిగా గడేమిట్రా" అంది. ఒక్క లైను కోడ్ పెరిగింది. ఆ లైను పక్కన అమ్మ పేరు రాశాను.

ఇంకోటి మర్చిపోతాను, ఇప్పుడే చెప్తా. 'సాఫ్ట్‌వేర్' అని కొడితే ట కింద వకారం వత్తుగా పడకుండా మధ్యలో కంటికి కనపడని గుర్తొకటి కూర్చుంటుంది. ఒకరి పదంలో అది ఉండి మరొకరి దాంట్లో లేకపోతే, రెండూ ఒకటే పదం అయినా ఆట తప్పంటుంది. పోల్చే ముందు దాన్ని తీసెయ్. నాకు ఒక శనివారం మొత్తం దీనికే పోయింది.

నీ పులి-మేకకొద్దాం. మీ తాతగారి అరుగు మీది పటమే అయితే 23 చోట్లు, 3 పులులు, 15 మేకలు. దీనికి ఇంజిన్ ఎందుకురా? పటం ఎస్‌వీజీలో, అంటే గీతలుగానే దాచుకునే బొమ్మగా గియ్యి, ఎంత పెద్ద తెర మీదైనా గీతలు పదునుగానే ఉంటాయి. ఒక్కో చోటూ వేలికి అందేంత వృత్తం. ఏ చోటు నుంచి ఏ చోటుకి దారి, పులి ఎవరి మీంచి దూకితే ఎక్కడ వాలుతుంది, ఇది ఒక పట్టికగా ముందు కాగితం మీద రాసుకో. ఆట ప్రాణం అదే. 15 మేకలూ దిగేదాకా ఏ మేకా కదలకూడదన్నది మర్చిపోకు. ఆన్‌లైన్లో ఇద్దరు ఆడటం, సర్వర్, అవన్నీ తర్వాత. ముందు ఒకే ఫోన్ మీద ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడాలి, అరుగు మీద ఆడినట్టే. అయ్యాక జిప్ చేసి, సొంత ఆటలు పెట్టుకునే సైటు ఇచ్.ఐఓలో పెట్టు, లోపల ఇండెక్స్ పేజీ ఉంటే చాలు.

ఇలా అంటున్నందుకు నువ్వు మన పాత ఆట గుమ్మడికాయ అంపైర్‌ని గుర్తు చేస్తావని తెలుసు. అప్పట్లో బ్రౌజర్లో ఆటలు ఆడించిన ఫ్లాష్‌లో ఎంత ప్రేమగా చేశాం! 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్ అయిపోయింది, మన ఆటా దాంతోపాటే. ఆ దిగులు నాకింకా ఉంది శీనూ. అందుకే ఈసారి బ్రౌజర్ తనంతట తాను ఎప్పటికీ చదివేదాని మీదే కట్టాలనిపించింది. అన్నట్టు రఫుల్ అని ఒకటొచ్చింది, పాత ఫ్లాష్ ఫైళ్లని ఇప్పటి బ్రౌజర్లో ఆడిస్తుంది. మన సీడీ నీ నీలం పెట్టెలోనే ఉండాలి. వెతకరా, దొరికితే అంపైర్ మళ్లీ వేలెత్తుతాడు, నేను ఆ రోజు ఔటో కాదో కూడా

బావ మెసేజ్ పెట్టాడు, గౌతమి ఎక్స్‌ప్రెస్ సామర్లకోట దాటిందట. స్టేషన్‌కి పరిగెత్తాలి. లింకు కింద పెడుతున్నాను, పాత ఫోన్లోనే తెరువు. సీడీ వెతుకు!

నీ
మూడో బెంచీ