అమ్మలూ, ఆ కుక్కకి రంగు వేయించకు

చిరంజీవి అమ్మలుకి,

నాన్న ఆశీస్సులు. నువ్వు కొన్న కుక్క విగ్రహం ఫోటో పంపావు కదా, దాన్ని నిన్నటి నుంచి ఎన్నిసార్లు చూశానో. మీ అమ్మయితే ఇట్టే గుర్తుపట్టి "మన షాపు కుక్క!" అంది. తల కాస్త పక్కకి వంచి, చెవి ఒగ్గి వింటూ కూర్చున్న ఆ తెల్ల కుక్క హెచ్‌ఎంవీ, అంటే "హిజ్ మాస్టర్స్ వాయిస్" అనే రికార్డుల కంపెనీ కుక్కేనమ్మా. దాని పేరు నిప్పర్.

తెనాలిలో మీ తాతగారి రికార్డుల షాపుకి వచ్చేవాళ్లు పాట పేరు కంటే ముందు "కుక్క మార్కు ప్లేటుందా?" అని అడిగేవాళ్లు. ఆ కుక్క నిజంగా బతికిన కుక్క. 1884లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పుట్టింది, 1895లో పోయింది. దాని మొదటి యజమాని చనిపోతే ఆయన తమ్ముడు ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు పెంచుకున్నాడు. అది పోయిన కొన్నేళ్లకి, ఫోనోగ్రాఫు (గ్రామఫోను కంటే ముందొచ్చిన పాటల యంత్రం) వింటున్నట్టు దాని బొమ్మ వేశాడు. 1899లో లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీ వాళ్లు, ఆ యంత్రం చెరిపి మా గ్రామఫోను వేస్తే కొంటామన్నారు. అలాగే వేసి ఇచ్చాడు. బొమ్మకి యాభై, హక్కులకి యాభై, మొత్తం 100 పౌన్లు ముట్టాయి. పాత యంత్రం ఆనవాలు రంగు కింద ఇప్పటికీ కనిపిస్తుందంటారు.

ఇక నీ విగ్రహం సంగతి. మీ న్యూజెర్సీలోనే, కామ్‌డెన్ ఊళ్లో విక్టర్ అనే రికార్డుల కంపెనీ ఉండేది. ఇదే కుక్క వాళ్ల గుర్తు కూడా. అక్కడి పాత ఫ్యాక్టరీ గోపురం మీద రంగుటద్దాల్లో నాలుగు వైపులా కుక్క బొమ్మే ఉంటుంది, వీలైతే అల్లుడుగారితో వెళ్లి చూసి రా. 1929లో ఆర్‌సీఏ అనే అమెరికా రేడియో కంపెనీ వాళ్లు విక్టర్‌ని కొన్నారు. కాబట్టి పీఠం మీద "ఆర్‌సీఏ విక్టర్" అని ఉంటే అది ఆ తర్వాతిదే. కానీ అక్షరాలని చూసి మోసపోకు, కొత్త నకళ్ల మీద కూడా అవే అక్షరాలు వేస్తారు. నమ్మాల్సింది ఒంటిని.

షాపుల ముందు పెట్టిన పాత కుక్కల్లో చాలావాటిని కాగితపు గుజ్జుతో చేశారు. ఒహాయోలోని ఓల్డ్ కింగ్ కోల్ అనే కంపెనీ అలాంటివి చేసింది. ఆ పేరు ఎక్కడైనా కనిపిస్తే మంచి ఆధారం. మెల్లిగా పడుకోబెట్టి అడుగు చూడు. చూపుకి పెద్దదైనా ఎత్తితే తేలిగ్గా ఉండి, అరిగిన అంచుల్లో కాగితం పొరలు కనిపిస్తే సంతోషించు. పెచ్చు ఊడిన చోట తెల్లగా సుద్దలా రాలుతుంటే ప్లాస్టర్. అయస్కాంతం అంటుకుంటే పోత ఇనుము. లోపల గాజునార నేత కనిపిస్తే ఫైబర్‌గ్లాస్. పక్కన చిన్న కుక్కపిల్ల కూడా ఉంటే 1990ల నాటిదో ఆ తర్వాతదో, ఎందుకంటే ఆ పిల్లని అప్పుడే చేర్చారు. కొలత కూడా రాయి. అలాంటి నిజం కుక్క కూర్చుంటే ఒకటిన్నర అడుగులకి అటూఇటూ ఉంటుంది. షాపులకి మూడడుగులవి కూడా చేశారు.

నువ్వు "శుభ్రంగా తుడిచి, పెయింట్ వేయిస్తే బాగుంటుంది కదా నాన్నా" అన్నావు. అందుకే ఈ ఉత్తరం. మన షాపులోనూ మూరెడు ఎత్తు కుక్క ఉండేది. ఒక దసరాకి, ఆయుధపూజ ముందు రోజు, నేనే తెల్ల ఎనామిల్ తెచ్చి నున్నగా రెండు పూతలు వేశాను. చాలా ఏళ్లకి పాత వస్తువులు సేకరించే ఒకాయన వచ్చాడు. గోటితో చెవి దగ్గర గీకి చూసి, "అసలు రంగు ఉండుంటే ఎంతకైనా తీసుకునేవాణ్ణి" అని వెళ్లిపోయాడు. తాతగారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం ఆయన షాపు త్వరగా కట్టేశారు. అది ఇప్పటికీ నాకు బాధే. పగుళ్లు, మాసిన మచ్చలు, వెలిసిన చెవులు, అవన్నీ దాని వయసుకి సాక్ష్యాలమ్మా.

కాగితపు గుజ్జుదైతే తడిగుడ్డ అస్సలు తగలనివ్వకు. మెత్తటి పొడి బ్రష్షుతో దుమ్ము దులుపు, చాలు. బేస్‌మెంట్ చెమ్మ దానికి విషం, పైకి తీసుకురా.

ధర మాటకొస్తే, నెట్‌లో జనం అడుగుతున్న రేట్లు చూసి టెన్షన్ పడకు, ఆశా పెంచుకోకు. ఈబేలో "అమ్ముడుపోయినవి" అని వేరుగా చూపిస్తుంది. అదే పదార్థం, అదే ఎత్తు, అదే స్థితిలో ఉన్నవి ఎంతకి పోయాయో వాటిని పట్టుకో. వేలం సంస్థల పాత ఫలితాలూ చూడు. అప్రైజర్ (పాత వస్తువులకి విలువ కట్టేవాడు) దగ్గరికి వెళ్తే ఇన్సూరెన్సుకి రాసే విలువ వేరు, అమ్మితే చేతికొచ్చేది వేరు అని గుర్తుంచుకుని, ఏది కావాలో ముందే చెప్పు. విలువ కట్టినాయనే "నేనే కొంటా" అంటే నమస్కారం పెట్టి వచ్చేయ్.

అడుగు భాగం, మెడపట్టీ, చెవుల వెనక వైపు ఫోటోలు పగటి వెలుతురులో తీసి పంపు. నీకు అమ్మినవాళ్ల దగ్గర ఆ కుక్క ఏ షాపుదో కనుక్కున్నావా? లేకపోతే ఫోన్ చేసి అడుగు, వాళ్లు చెప్పింది తారీఖు వేసి రాసిపెట్టు.

అమ్మ ఆవకాయ పార్సిల్ కట్టింది. పిల్లల్ని కుక్క మీద ఎక్కనివ్వద్దని మరీమరీ చెప్పమంది.

మీ నాన్న