గత్తం బళ్లా, యూరియా బస్తానా?

ఒరే రమణా,

బొబ్బిలి పక్క పల్లెల్లో రైతులకి సలహాలు చెప్పే డ్యూటీ పడిందన్నావు, సంతోషం. కానీ "ఎంత చెప్పినా ఈ రైతులు భూసారం సంగతి పట్టించుకోరు" అని రాశావు చూడు, ఆ మాట ఒప్పుకోను. వాళ్ల లెక్క వాళ్లకుంది.

ఎకరాకి 4 టన్నుల గత్తం, అంటే పశువుల పెంట ఎరువు, వెయ్యమంటాం. బండికి అరటన్ను చొప్పున 8 బళ్లు. మాగిన గత్తం టన్నుకి నత్రజని సుమారు 5 కిలోలు, అంటే అన్నీ కలిపి 20. నలభై అయిదు కిలోల యూరియా బస్తాలోనూ అంతే ఉంటుంది, పైగా అది సైకిల్ మీద వచ్చేస్తుంది, వారం తిరక్కుండా మడి పచ్చబడుతుంది. నేల గుల్లబారడం, తేమ నిలవడం, పొటాష్, జింకు, ఇవన్నీ గత్తంతోనే వస్తాయి నిజమే. కానీ అందులో చాలా భాగం తర్వాతి పంటలకి అందేది. నోటిమాట కౌలు మీద ఏడాదికి చేసుకుంటున్నవాడు వచ్చే ఏటి రైతు కోసం 8 బళ్లు ఎందుకు తోలతాడు? అందుకే ముందు "సొంతమా, కౌలా?" అని అడుగు. ఆ తర్వాతే సలహా.

సొంత భూమి ఉన్నవాళ్లతో గత్తం ఎంతో కాదు, ఎలాంటిదో మాట్లాడు. పెంటకుప్ప ఎండకీ వానకీ బయటే ఉంటే సారమంతా కొట్టుకుపోతుంది. నీడపట్టున మూడడుగుల గొయ్యి చాలు. పశువుల మూత్రం తడిసిన గడ్డి కూడా అందులోనే పడాలి, నిండాక మట్టితో మెత్తాలి. మనవాళ్లు మరీ పాడుచేసేది ఇంకొకటుంది: వేసవిలో పొలంలో కుప్పలు దించేసి, వాన పడేదాకా అలాగే వదిలేస్తారు. నత్రజని గాలిలో కలిసిపోతుంది. చల్లిన రోజే దున్నెయ్యాలి.

జీలుగ, అంటే పెంచి పచ్చిగానే నేలలో దున్నేసే పచ్చిరొట్ట పైరు, దాని సంగతి తొందరపడకు. ఎకరాకి 10-12 కిలోల విత్తనం, పూత దశలో, అంటే 45-50 రోజులకి కలియదున్నడం, చెప్పడానికి సులువే. తొలకరి సరిగా పడకపోతే మొలవదు, మొలిచినా వదిలేసిన పశువులు మేసేస్తాయి, మురగడానికి నీళ్లుండవు. ఊరంతా ఒక పొలం చెక్కలో కలిసి వేస్తేనే నిలుస్తుంది.

కౌలుదారుకి ఈ పంటలోనే కనబడేది చెప్పాలి. వరి నాటిన రెండు మూడు వారాలకి ఆకుల మీద తుప్పు మచ్చలు వచ్చి, మొక్క గిడసబారితే చాలామంది యూరియా ఇంకో విడత చల్లుతారు. అది జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు, అయిదేసి రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయించు. ముందే అయితే ఆఖరి దమ్ములో ఎకరాకి 20 కిలోలు. భాస్వరం ఉండే డీఏపీ ఎరువుతో మాత్రం కలపనివ్వకు, భాస్వరం జింకుని పట్టేస్తుంది. మధ్యలో కనీసం మూడు రోజులుండాలి.

మట్టి పరీక్ష కార్డుల్ని ఎవరూ నమ్మరన్నావు. గట్టు మీద తవ్విన మట్టికి వచ్చిన ఫలితాన్ని నేనైనా నమ్మను. గత్తం తోలకముందే, ఎండాకాలంలోనే తియ్యి. గట్టునీ, చెట్టు నీడనీ, పెంటకుప్ప జాగానీ వదిలేసి, ఎకరంలో 8-10 చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్లు తవ్వి అంచు నుంచి గీకాలి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండూ పారేస్తూ, అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. ఎరువుల సంచిలో పొయ్యకు. తవ్వేటప్పుడు రైతుని పక్కనే ఉంచు, కౌలుదారైతే అతన్నే.

ఉంటాను మరి. జొన్నలూ రాగులూ పండే మెట్ట సంగతులు మళ్లీ రాస్తాను.

నీ
సత్యం