కార్యదర్శి వార్షిక నివేదిక: సంఘం మేడను వైద్యశాలగా మార్చడానికి ముందు జరిపిన పర్యావరణ పరిశీలన

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, బరంపురం వీధుల నుంచీ, అటు ఇచ్ఛాపురం వైపు నుంచీ శ్రమపడి వచ్చిన సభ్యులందరికీ నమస్కారములు.

ఉగాది పంచాంగ శ్రవణం, పిల్లల తెలుగు తరగతులు, కార్తిక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి కనుక వాటిని ఈ ఒక్క వాక్యంతో సరిపెడుతున్నాను. ఈ ఏడాది కార్యవర్గం కాలమంతా మన మేడ చుట్టూనే తిరిగింది. చాలా ఏళ్లుగా ఒక ఆఫీసుకు అద్దెకిచ్చిన ఆ మేడ ఖాళీ అయిన తరువాత, దానిని తక్కువ ఖర్చుతో వైద్యం అందే చోటుగా మార్చాలని గత సర్వసభ్య సమావేశం తీర్మానించిన సంగతి మీకు తెలిసిందే. పన్నెండు పడకలు, ఒక రక్తపరీక్షల గది, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి వచ్చే రోగుల కోసం రెండు డయాలసిస్ యంత్రాలు పెడదామని ఆనాడు చప్పట్ల మధ్య అనుకున్నాము. ఆ చప్పట్లు సద్దుమణగక ముందే వెనుక వరుసలోని ఒక పెద్దాయన లేచి, "ఇన్ని పడకల నీళ్లు ఎటు పోతాయి?" అని అడిగారు. ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ సంవత్సరపు పని.

పరిశీలన ఎందుకు, అదంతా పెద్ద కట్టడాలకు కదా అని కొందరు సభ్యులు అన్నారు. వారు చెప్పినదాంట్లో సగం నిజముంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ముందస్తు అనుమతి 20,000 చదరపు మీటర్ల నిర్మిత విస్తీర్ణం నుంచి మొదలవుతుంది, మన రెండంతస్తులూ కలిపినా అందులో పదో వంతుకు రావు. అయితే ఆ అనుమతి అక్కరలేనంత మాత్రాన మిగతా బాధ్యతలు తప్పిపోవు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల (సూదులు, రక్తమంటిన దూది వంటి ఆసుపత్రి చెత్త) నిర్వహణ నియమాలకు పడకల సంఖ్యతో నిమిత్తం లేదు, ఒక్క సూది వాడే చోటైనా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అధికారపత్రం తీసుకోవలసిందే. దానికి తోడు ఒడిశాలో 1990 నాటి వైద్య సంస్థల చట్టం కింద నమోదు కూడా ఉండాలి. ఎవరో అడుగుతారని కాక, మన వీధికి మనమే జవాబుదారులమని ఈ పరిశీలనకు పూనుకున్నాము.

మొదట నీళ్ల లెక్క చూశాము. మన సభ్యులలో ఉద్యోగ విరమణ చేసిన ఇంజనీరు గారు భారత ప్రమాణాల పుస్తకం ముందు పెట్టుకుని, ఆఫీసులో మనిషికి రోజుకు 45 లీటర్లు, వంద పడకల లోపు ఆసుపత్రిలో పడకకు 340 లీటర్లు లెక్కగట్టాలని చూపించారు. ముప్పై మంది పనిచేసిన ఆఫీసుకు 1,350 లీటర్లు సరిపోయాయి, పన్నెండు పడకలకు 4,080 లీటర్లు కావాలి. అంటే అదే మేడ, అదే పైట్యాంకు, అదే సెప్టిక్ ట్యాంకు మూడు రెట్ల భారం మోయాలి. ఋషికుల్య నది నీటి కోసం వేసవిలో ఈ పట్టణం ఎదురుచూసే తీరు మీకు వేరే చెప్పనక్కరలేదు.

వచ్చే నీటి సంగతి అలా ఉంటే, పోయే నీటి సంగతి ఇంకా కష్టం. సెప్టిక్ ట్యాంకు పనిచేసేది అందులోని సూక్ష్మజీవుల వల్ల. ఆసుపత్రి నేలలు తుడిచే ఫినాయిలు, బ్లీచింగు, పరీక్షల గదిలోని రసాయనాలు రోజూ అందులో పడితే ఆ జీవులే చచ్చి, మురుగు మురుగుగానే వీధి కాలువలోకి వస్తుంది. జీవవైద్య వ్యర్థాల నియమాల చివర ఉన్న పట్టికలో ఆసుపత్రి నుంచి బయటికి పోయే నీటికి ఆమ్ల క్షార సూచిక 6.5 నుంచి 9 మధ్య, తేలియాడే మలినాలు లీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు, జీవరసాయన ఆక్సిజన్ అవసరం (నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) 30 మిల్లీగ్రాముల లోపు ఉండాలని రాసి ఉంది. దాని కిందనే ఉన్న ఇంకొక పరీక్ష కార్యవర్గంలో అందరినీ ఆలోచనలో పడేసింది: ఏమీ కలపని ఆ నీటిలో చేపలను వదిలితే 96 గంటల తరువాత వందలో తొంభై బతికి ఉండాలి. మన ప్రస్తుత ట్యాంకు నుంచి వచ్చే నీటిలో చేప కాదు, కప్ప కూడా బతకదని ఇంజనీరు గారు మొహమాటం లేకుండా చెప్పారు.

డయాలసిస్ ఆశ వదులుకోవడం అన్నింటికన్నా బాధాకరమైన నిర్ణయం. కవిటి, సోంపేట, కంచిలిలలో బంధువులున్న సభ్యులు మనలో తక్కువేమీ కాదు, ఉద్దానంలో ఇంటింటికీ ఈ జబ్బు ఎలా చేరిందో వారికి తెలుసు. యంత్రంలో డయాలసిస్ ద్రవం నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున పారుతుంది, నాలుగు గంటల ఒక్క విడతకు 120 లీటర్లు. ఆ నీటిని శుద్ధి చేసే క్రమంలో యంత్రం వదిలేసే ఉప్పునీరు దానికి అదనం. రెండు యంత్రాలపై రోజుకు ఆరుగురికి చేస్తే ద్రవమే 720 లీటర్లవుతుంది. లెక్క చూడడానికి పెద్దది కాదు, కానీ శుద్ధి కేంద్రం, దానికి నిరంతరం కరెంటు, కనిపెట్టుకుని ఉండే మనిషి, బయటికి పోయే నీటికి వేరే దారి, ఇవన్నీ మన ఇరుకు దొడ్డిలో ఇమడవు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది కనుక, అక్కడికి వెళ్లి వచ్చే రోగులకు ప్రయాణ ఏర్పాటు చూడడమే మన శక్తికి తగిన పని అని కార్యవర్గం భావించింది. దీనిని వెనకడుగు అన్నవారున్నారు. సగంలో ఆగిపోయే యంత్రాలకు రిబ్బను కత్తిరించడం కన్నా ఈ వెనకడుగే మేలని నా అభిప్రాయం.

పడకల విషయంలోనూ అంతే. జాతీయ భవన నియమావళి ఆఫీసు మెట్లకు 1.5 మీటర్ల వెడల్పు చాలంటుంది, ఆసుపత్రి అయితే 2 మీటర్లు కావాలంటుంది. స్ట్రెచరు మలుపు తిరగని మన మెట్ల మీదుగా రోగిని పైకి తీసుకుపోవడం కుదరదు. కాబట్టి రోగులు కింది అంతస్తులోనే ఉంటారు, పగటిపూట మాత్రమే, అయిదు పరిశీలన పడకలతో. పై అంతస్తు గ్రంథాలయానికీ రికార్డులకూ ఉంటుంది. ఎక్స్-రే గదికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతితో పాటు మందమైన గోడలు కావాలి కనుక దానిని ఇప్పటికి పక్కన పెట్టాము.

మేడ పాతదైనందున రెండు జాగ్రత్తలు తప్పలేదు. వెనుక వసారా మీది ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులను సుత్తితో పగలగొట్టవద్దని, తడిపి, మేకులు విప్పి, ముక్కలు కాకుండా దించాలని పనివారికి రాతపూర్వకంగా చెప్పాము, ఆ పీచు ఊపిరితిత్తుల్లో దిగితే మళ్లీ బయటికి రాదు. రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించరాదన్న నిబంధన 2017 నవంబరులోనే అమలులోకి వచ్చింది, మన గోడల రంగు అంతకు ఎంతో ముందుది. అందువల్ల పొడిగా గీకకుండా తడిపి గీకించాము. ఆఫీసువారు ఏసీ కోసం ప్లైవుడ్డుతో మూసేసిన కిటికీలను తెరిపించాము. దగ్గే రోగి కూర్చునే గదిలో గాలి ఒక వైపు నుంచి వచ్చి మరో వైపుకు పోవాలి, చల్లదనం తరువాతి మాట.

ఇక ఈ సంవత్సరం మనమందరం గర్వంగా చెప్పుకోవలసిన వీధి సభ గురించి. మేడ ముందర పందిరి వేసి, ఒడియాలోనూ తెలుగులోనూ రాసిన నోటీసులను ఇంటింటికీ పంచి, చుట్టుపక్కలవారందరినీ పిలిచాము. పసుపు, ఎరుపు, నీలం డబ్బాలతో పాటు సూదులు వేసే తెల్లటి గట్టి డబ్బాను బల్ల మీద పెట్టి, మన సభ్యురాలైన ల్యాబ్ టెక్నీషియన్ ఏది ఎందులో వేయాలో చూపించారు: రక్తం అంటిన దూది, పట్టీలు పసుపులో, సిరంజీ గొట్టాలూ గ్లౌజులూ ఎరుపులో, గాజు సీసాలు నీలంలో. ఆమె ముగించాక, రోజూ ఆ వీధి ఊడ్చే ఒకామె లేచి అరచెయ్యి చాపి చూపించింది. "డబ్బాల రంగులు బాగున్నాయి బాబూ, మాకు దొరికేవి మాత్రం మామూలు చెత్తలోనే. ఇవన్నీ సూదులు గుచ్చుకున్న మచ్చలే," అంది. పందిరి కింద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వ్యర్థాలు తాకే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని నియమాలే చెబుతున్నాయి, మనం మన సిబ్బందితో ఆగకుండా ఆ వీధి ఊడ్చేవారికి కూడా వేయించాలని అక్కడికక్కడే తీర్మానించాము. నా కార్యదర్శిత్వంలో ఇంత త్వరగా ఏకగ్రీవమైన తీర్మానం మరొకటి లేదు.

ఆ సభలోనే చప్పుడు గొడవ కూడా వచ్చింది. ఆసుపత్రి వస్తే మన పట్టణపు అమ్మవారి జాతర ఠాకూరాణి యాత్రకూ, వినాయక చవితి పందిరికీ మైకు కట్టనివ్వరా అని కుర్రవాళ్లు నిలదీశారు. ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రభుత్వం ప్రకటించే వీలు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలలో ఉందని, అలా ప్రకటిస్తే పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ మించరాదని వివరించాము. రాత్రి పడకలు లేవు కనుక ప్రస్తుతానికి పేచీ లేదు. మైకు సంగతి అడిగినవారికి మన జనరేటర్ చప్పుడు గురించి అడిగే హక్కు కూడా ఉంది, అందుకే దానికి చప్పుడు తగ్గించే పెట్టె బిగించి, పొగగొట్టాన్ని పొరుగు కిటికీల కన్నా పైకి ఎత్తించాము.

జనరేటర్‌ను ఎత్తయిన దిమ్మె మీద పెట్టడానికి కారణం 2013 అక్టోబరు 12. ఆ రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక ఈ పట్టణం ఎలా ఉందో చూసినవారికి దిమ్మె ఎందుకని అడగబుద్ధి కాదు. తుపాను వస్తే వ్యర్థాల బండి కూడా రాదు. రక్తమాంసాలంటిన వ్యర్థాలను 48 గంటలకు మించి నిల్వ ఉంచకూడదు, తప్పనిసరై ఉంచితే కారణంతో సహా కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేయాలి. వ్యర్థాల గదిని వాన నీరు అందనంత ఎత్తులో, తాళంతో, కుక్కలు దూరని జాలీతో కట్టించాము. పరీక్షల గది ద్రవాలను ఒకటి నుంచి రెండు శాతం హైపోక్లోరైటుతో (క్రిములను చంపే క్లోరిన్ ద్రావణం) శుద్ధి చేసి, వేరే తొట్టిలో నిలిపిన తరువాతే వదిలే ఏర్పాటు జరిగింది, సెప్టిక్ ట్యాంకుతో దానికి సంబంధం లేదు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా చదువుతారు. మరమ్మతులకు అనుకున్నదానికన్నా ఎక్కువైంది, బోరుకు అనుకున్నది మిగిలింది, రసీదులన్నీ ఉన్నాయి.

కొన్ని చేదు మాటలు చెప్పక తప్పదు. వీధి సర్వేకు పదకొండు మంది పేర్లిచ్చారు, మొదటి ఆదివారం నలుగురు వచ్చారు, రెండవ ఆదివారం ఇద్దరమే మిగిలాము, ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను. కాలువ ఎక్కడ మూసుకుపోయిందో తెలుసుకోవడానికి మోకాలు లోతు బురదలో దిగిన రోజున, వాట్సాప్ గ్రూపులో నమస్కారపు బొమ్మలు మాత్రం ఇరవై ఏడు వచ్చాయి. ఇక ఒక కార్యాలయంలో మన దరఖాస్తు ఒక బల్ల నుంచి పక్క బల్లకు చేరడానికి ఒక ఋతువు పట్టింది. కాలువ చూడడానికి వస్తామన్న అధికారి కోసం మూడుసార్లు టీ కాచాము, మూడుసార్లూ మేమే తాగాము.

అయినా నిలబడినవారికి కృతజ్ఞతలు చెప్పడం నా ధర్మం. లెక్కలు వేసిన ఇంజనీరు గారికి, డబ్బాల పాఠం చెప్పిన సోదరికి, నివేదికను ఒడియాలోకి మార్చిన ఉపాధ్యాయులకు, పందిరి కర్రలు ఊరికే ఇచ్చిన నేతవీధి పెద్దలకు, ఆస్‌బెస్టాస్ రేకులు దించే రోజున తమ పిల్లలను బయటికి రాకుండా చూసుకున్న పక్కింటివారికి, సభ జరిగిన సాయంత్రం మజ్జిగ పంచిన మహిళా విభాగానికి, మొట్టమొదట ప్రశ్న అడిగిన ఆ పెద్దాయనకు సంఘం ఋణపడి ఉంది. మిగిలిన పేర్లన్నీ నోటీసు బోర్డు మీద ఉన్నాయి, ఎవరి పేరైనా తప్పిపోతే నాతో చెప్పండి, కోపగించుకోవద్దు.

అధికారపత్రం కోసం దరఖాస్తు అందజేశాము. అది వచ్చేవరకు లోపల ఒక్క సూది కూడా వాడబోము. వచ్చిన తరువాత ఏ రోజు ఎంత వ్యర్థం ఏ రంగు సంచిలో పోయిందో రోజువారీ పుస్తకంలో రాయాలి, ఏటా జూన్ 30 లోపల ఆ లెక్కను మండలికి పంపాలి. ఆ పుస్తకం రాయడానికి వారానికి ఇద్దరు చొప్పున మనుషులు కావాలి. జాబితా కాగితం ఇప్పుడు మీ వరుసల్లోకి వస్తోంది. వచ్చే వీలున్నవారే పేరు రాయండి, పేరు పక్కన ఏ వారం వస్తారో కూడా రాయండి.

ఇట్లు,
కార్యదర్శి