సాల్మొనెల్లాకీ సాల్మన్ చేపకీ చుట్టరికం లేదండీ

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో టైఫాయిడ్ మీద వేసిన వ్యాసం బాగుంది. నీళ్లు కాచి తాగమనీ, బండి మీద పానీపూరీ తినొద్దనీ చెప్పినవన్నీ నిజమే. కానీ పక్కన చిన్న బాక్స్ కట్టి, సాల్మన్ చేపలో మొదట కనిపించింది కాబట్టి ఆ క్రిమికి సాల్మొనెల్లా అని పేరొచ్చిందని వేశారు చూశారా, అది తప్పు. సాల్మన్ అనేది ఇక్కడ చేప కాదు, ఒక మనిషి ఇంటిపేరు. డేనియల్ ఎల్మర్ సాల్మన్ అని, అమెరికా ప్రభుత్వంలో పెద్ద పశువైద్యుడు. 1885లో పందులకొచ్చే ఒక జబ్బు మీద పని చేస్తుంటే ఆ రకం బాక్టీరియా దొరికింది. దాన్ని నిజంగా వేరుచేసి పట్టుకున్నది ఆయన కింద పనిచేసే థియోబాల్డ్ స్మిత్, తర్వాత 1900లో పేరు పెట్టేటప్పుడు మాత్రం పై ఆఫీసరు పేరు పెట్టారు. మన ఆఫీసుల్లో చూడని సంగతేం కాదులెండి.

చేప గురించి ఇంత గొడవెందుకు అనుకుంటారేమో. నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా ముప్ఫై ఏళ్ల పైనే పనిచేసి రిటైరయ్యాను. అది మనిషి పేరని ఎవరూ చెప్పకపోతే జనం దానికి ఏదో ఒక అర్థం కట్టేసుకుంటారు, అది ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. వైడల్ టెస్టుకి ఫుల్‌ఫామ్ ఏంటని నన్నడిగినవాళ్లలో పేషెంట్లే కాదు, మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్లు కూడా ఉన్నారు. ఫుల్‌ఫామ్ ఏమీ లేదు నాయనా, ఫెర్నాండ్ విడాల్ అని పారిస్‌లో డాక్టరు, 1896లో ఈ పరీక్ష చెప్పాడు, టైఫాయిడ్ వచ్చినవాళ్ల సీరం ఆ క్రిములతో కలిపితే పాలు విరిగినట్టు ముక్కలు ముక్కలుగా గుమిగూడతాయి, అదీ సంగతి అనేవాణ్ని. (ఆ గుమిగూడడం అదే ఏడాది వియన్నాలో గ్రూబర్, డర్హమ్ అనే ఇద్దరు కూడా చూపించారు, అందుకే కొన్ని పుస్తకాల్లో గ్రూబర్–విడాల్ అని ఉంటుంది. ఇంకోమాట, ఒక్క వైడల్ రిపోర్టు చూసి టైఫాయిడ్ అని తేల్చేయకూడదు, ఈ ముక్క కూడా మీ బాక్స్‌లో పడితే బాగుండేది.) ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) సెలైన్‌లో రింగర్ అంటే బాటిల్‌ని స్టాండుకి తగిలించే రింగు అనుకున్నాయన కూడా ఒకరున్నారు! సిడ్నీ రింగర్ లండన్ డాక్టరు, 1880ల్లో ఉప్పునీళ్లలో కప్ప గుండె కొట్టుకునేలా చేసినవాడు. అదీ ఎలాగంటే, డిస్టిల్డ్ వాటర్‌తో ద్రావణం కలపాల్సిన సహాయకుడు కుళాయి నీళ్లతో కలిపేశాడట, ఆ నీళ్లలో ఉన్న కాల్షియం వల్లే గుండె ఆగకుండా కొట్టుకుందని రింగర్‌కి తర్వాత తెలిసింది. మా ల్యాబ్‌లో ఎవరైనా ఆ పని చేసుంటే మా సారు ఊరుకునేవారు కాదు.

ఇవన్నీ నవ్వుకుని వదిలేయొచ్చు. వదల్లేనిది ఒకటుంది. చాలా ఏళ్ల కిందట ఒక తల్లి ఏడాది నిండని బాబుని ఎత్తుకుని వచ్చింది, క్రోమోజోమ్ పరీక్షకి బ్లడ్ శాంపిల్ హైదరాబాద్ పంపాలి. చీటీ మీద డౌన్ సిండ్రోమ్ అని రాసుంది. ఆవిడ పదో తరగతి దాకా చదువుకున్నట్టుంది, ఆ మాట కూడబలుక్కుని చదివి, "డౌన్ అంటే కింద అనే కదండీ, మా వాడు ఎప్పటికీ అందరికన్నా కిందే ఉంటాడనా?" అని అడిగింది. పక్కన నిలబడ్డ వాళ్లాయన ఏమీ మాట్లాడలేదు. అది డాక్టరు పేరమ్మా, జాన్ లాంగ్‌డన్ డౌన్ అని ఇంగ్లండ్‌లో ఉండేవాడు, 1866లో ఇలాంటి పిల్లల గురించి మొదట వివరంగా రాశాడు, ఆయన ఇంటిపేరే డౌన్, మన దగ్గర కొండా వారు, పల్లా వారు ఉన్నట్టే అని చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు గానీ చీటీ మళ్లీ ఒకసారి చదువుకుంది. ఆ డౌన్ కూడా ఆ పిల్లల ముఖాలు మంగోలియా వాళ్లలా ఉన్నాయని రాయడంతో చాలాకాలం ‘మంగోల్’ అనే పిలిచారు. మంగోలియా దేశమే అభ్యంతరం చెబితే 1965లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట వాడటం మానేసింది. అంటే ఒక జాతిని కించపరిచే మాట పోయి ఆ స్థానంలో వచ్చిన పేరు ఇది, అదే మా ఊళ్లో ఒక తల్లికి తిట్టులా వినపడింది.

అలాగని మనుషుల పేర్లు తీసేయమని నేననను. కుష్ఠు అని రాయకుండా హాన్సెన్స్ అని రాసిన చీటీలు ఎన్నో నా చేతుల మీదుగా వెళ్లాయి, దానివల్ల పేషెంటు వెంట వచ్చిన బంధువుల ముందు పరువు నిలిచేది. 1873లో నార్వేలో ఆ క్రిమిని చూసిన హాన్సెన్ మహానుభావుడేం కాదనుకోండి, ఒక పేషెంటుని అడక్కుండా ఆవిడ కంట్లోకి కుష్ఠు గడ్డలోని పదార్థం ఎక్కించాడని 1880లో కోర్టు తప్పుపట్టింది, ఆస్పత్రి ఉద్యోగం పోయింది. అయినా ఆ పేరు ఇక్కడ ఎంతోమందికి అండగా నిలబడింది.

మన పేరు సంగతి ఇంకా విచిత్రం. రక్తంలో ఫాస్పరస్ ఎంతుందో చూడటానికి ఫిస్కే–సుబ్బారో పద్ధతి అని ఉంటుంది, మాలిబ్డేట్ వేసి ఆ తర్వాత ఇంకో రీఏజెంటు కలిపితే నీలం రంగు వస్తుంది, రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్పరస్ అంత ఎక్కువ. 1925లో హార్వర్డ్‌లో కనిపెట్టారు. ట్రైనింగుకి వచ్చిన ఒక అమ్మాయి దాన్ని ‘ఫిస్కే సబ్బరో’ అని చదివి, ఇద్దరూ అమెరికా వాళ్లే కదా సార్ అంది. అమ్మా, ఆయన యల్లాప్రగడ సుబ్బారావు, భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదివినవాడు, ఇంగ్లిష్‌లో రాసిన స్పెల్లింగ్ వల్ల సబ్బరో అయిపోయాడు అంటే ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. వాళ్లది భీమవరం పక్క ఊరేనట.

అందుకని రెండు మనవులు. ఇలాంటి పేరు ఏదైనా వ్యాసంలో మొదటిసారి వచ్చినప్పుడు, అది ఫలానా ఊరి ఫలానా డాక్టరు పేరని ఒక్క వాక్యం రాయండి, ముఖ్యంగా డౌన్ విషయంలో. రెండోది, ఆ చేప బాక్స్‌కి సవరణ వేయండి, కింద మూలన కాకుండా అదే పేజీలో అదే సైజులో. మా మనవడు దాన్ని కత్తిరించి స్కూలు ప్రాజెక్టులో అంటించేశాడు, బుధవారం చూపించాలట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
కాకినాడ